98 చూపిస్తోంది కదా అని కూర్చోకండి: ఇంట్లో పెట్టుకునే మూడు మిషన్ల రివ్యూ

తిరుపతిలో ఏ మెడికల్ షాపుకు పోయినా అద్దాల వెనక ఈ మూడూ పక్కపక్కనే కనబడతాయి. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్, చేతికి చుట్టే బీపీ మిషన్, చుక్క రక్తంతో షుగర్ చూపే గ్లూకోమీటర్. రోజువారీ చూసుకోడానికి ఇవి ఎట్లా పనికొస్తాయో చెప్పే రివ్యూలు బోలెడున్నాయి. ఈ రివ్యూ అడిగే ప్రశ్న వేరే. ఉన్నట్టుండి గుండె, ఊపిరితిత్తులు, మెదడు, కిడ్నీల్లో ఏదో ఒకటి చేతులెత్తేస్తున్నప్పుడు, 108 బండి వాకిట్లోకి వచ్చేలోపు, ఈ మిషన్లు ఎంతవరకు నిజం చెబుతాయి?

తీర్పు ముందే చెప్పేస్తే, ఇంట్లో షుగర్ మనిషి ఉంటే మొదట కొనాల్సింది గ్లూకోమీటర్. ఆ తర్వాత మోచేతి పైన చుట్టే బీపీ మిషన్. ఆక్సీమీటర్ ఆఖరున. జనం కొంటున్న వరస దీనికి సరిగ్గా తలకిందులు. 2021 కోవిడ్ రెండో వేవ్‌లో ఆక్సీమీటర్ కోసం ఊరంతా తిరిగిన భయం ఇంకా పోలేదు. అందుకే ఇప్పటికీ ఇంట్లో ఎవరికి ఏమైనా ముందు వేలు పట్టుకుంటున్నారు. కడుపు నొప్పికీ అదే, కళ్ళు తిరిగినా అదే.

ఆక్సీమీటర్: ఒకే ప్రశ్నకు జవాబిచ్చే మిషన్

జపాన్ ఇంజనీరు టకువో అవోయాగి 1970ల మొదట్లో ఈ పద్ధతి కనిపెట్టాడు. క్లిప్పులో రెండు దీపాలుంటాయి. ఒకటి దాదాపు 660 నానోమీటర్ల ఎర్ర కాంతి, ఇంకొకటి దాదాపు 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్, అది కంటికి కనబడదు. ఆక్సిజన్ ఎత్తుకున్న హిమోగ్లోబిన్ ఇన్‌ఫ్రారెడ్‌ను ఎక్కువ పీల్చుకుంటుంది, ఎత్తుకోనిది ఎర్ర కాంతిని ఎక్కువ పీల్చుకుంటుంది. నాడి కొట్టినప్పుడల్లా వేలిలోకి కొత్తగా వచ్చే రక్తం వల్ల ఎంత మారిందో చూసి, ఆ రెండింటి నిష్పత్తి నుంచి మిషన్ శాతం కడుతుంది. దీని తప్పులన్నీ ఈ లెక్కలోనే పుడతాయి.

మొదటిది, అది చెప్పేది శాతం, మొత్తం కాదు. అలిపిరి నుంచి కొండకు పోయే బస్సుల్లో సీట్లన్నీ నిండాయని చెబితే, అసలు ఎన్ని బస్సులు నడుస్తున్నాయో తెలియదు కదా. హిమోగ్లోబిన్ 15 గ్రాములున్న మనిషి 100 మి.లీ. రక్తంలో సుమారు 20 మి.లీ. ఆక్సిజన్ మోస్తాడు. 5 గ్రాములే ఉన్న మనిషి మోసేది 7 మి.లీ. లోపే. ఇద్దరి వేలికి క్లిప్పు పెట్టినా 98 రావచ్చు. కడుపులో పుండు పగిలి లోపల రక్తం పోతున్నా, కాన్పు తర్వాత రక్తస్రావం ఆగకపోయినా, ఈ మిషన్ చాలాసేపటివరకు అంతా బాగుందనే చెబుతుంది.

రెండోది, ఊపిరి ఎంత కష్టపడి తీస్తున్నారో అది చూడదు. నిమిషానికి 36 సార్లు ఎగపోసి 97 తెచ్చుకున్న మనిషీ, 14 సార్లు హాయిగా పీల్చి 97 ఉన్న మనిషీ దానికి ఒకటే. షుగర్ బాగా పెరిగి రక్తం ఆమ్లంగా మారిన మనిషికి లోతుగా, వేగంగా ఊపిరి ఆడుతుంది. క్లిప్పులో 99 ఉంటుంది. ఇంట్లో వాళ్ళు గ్యాస్ అనుకుని సోడా తాగిస్తారు.

మూడోది మన పల్లెలకు బాగా సంబంధించినది, కట్లపాము కాటు. రాత్రిపూట నేలమీద పడుకున్న వాళ్ళను కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, ఒక్కోసారి గాటు కూడా కనబడదు. తెల్లవారుజామున కడుపు నొప్పి, వాంతి, తర్వాత కనురెప్పలు వాలడం, మాట ముక్కులోంచి రావడం, గుటక పడకపోవడం. ఊపిరి తీసే కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడుతున్నా ఆక్సీమీటర్ 96, 97 దగ్గరే నిలబడి, ఆఖరి నిమిషాల్లో ఒక్కసారిగా పడిపోతుంది. దీనికి కారణముంది. రక్తంలో ఆక్సిజన్ పీడనం బాగా తగ్గిందాకా శాతం పెద్దగా కదలదు, 90 శాతం అంటే పీడనం దాదాపు 60కి వచ్చిందని అర్థం, అక్కణ్ణుంచి జారుడే. ఇక్కడ క్లిప్పు కంటే నోరు నయం. గట్టిగా ఊపిరి పీల్చి, మళ్ళీ పీల్చకుండా ఒకటి, రెండు, మూడు అని ఎంతవరకు లెక్కపెట్టగలరో చూడండి. 20 కూడా దాటలేకపోతే, లేదా అరగంట కింద 30 చెప్పిన మనిషి ఇప్పుడు 18 దగ్గర ఆగితే, ఊపిరి కండరాలు ఓడిపోతున్నట్టే. పడుకున్న మనిషి దిండు మీది నుంచి తల ఎత్తలేకపోయినా అదే లెక్క. అప్పుడు చేయాల్సింది పక్కకు తిప్పి పడుకోబెట్టడం, కట్టు బిగించకుండా, కోయకుండా, నాటు మందు పోయకుండా విషానికి విరుగుడు మందు, వెంటిలేటర్ రెండూ ఉన్న ఆసుపత్రికి పోవడం. తిరుపతి చుట్టుపక్కల వాళ్ళకు రుయా ప్రభుత్వ ఆసుపత్రి అందుబాటులో ఉంది. కుప్పం, పలమనేరు వైపు వాళ్ళు తిరుపతి దాకా రావాలనుకోకుండా దగ్గర్లో ఏది ఉందో ముందే కనుక్కుని పెట్టుకోవాలి.

నాలుగోది పొగ. మూసిన గదిలో జనరేటర్ నడిపినా, బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నా కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. ఈ మిషన్ దాన్ని ఆక్సిజన్ అనుకుని 98 అంటుంది. తలనొప్పి, వాంతి, మత్తుతో ఒకే గదిలో ఇద్దరు ముగ్గురు పడి ఉంటే అంకె చూడొద్దు, తలుపులు తెరిచి బయటికి లాగండి.

ఇక తప్పుగా తక్కువ చూపించే సందర్భాలు. చల్లబడ్డ వేళ్ళు, వణుకు, ముదురు నీలం లేదా నల్ల గోళ్ళరంగు, నల్ల మెహందీ. ఇంటి గోరింటాకు ఎరుపు పెద్దగా అడ్డం రాదు, పెళ్ళిళ్ళలో పెట్టే నల్లటి కోన్లతోనే పేచీ. చెయ్యి రుద్ది వెచ్చచేసి, కదలకుండా బల్లమీద పెట్టి, నిమిషం ఆగి, అంకె నిలబడ్డాకే చదవాలి. పెట్టగానే కనబడే మొదటి అంకెకు విలువ లేదు. చర్మం నల్లగా ఉన్న వాళ్ళలో ఈ మిషన్లు ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చూపించే గుణం ఉంది. కాబట్టి మనలో చాలామందికి 93ను 93గానే తీసుకోవాలి, అంతకంటే ఎక్కువే ఉంటుందిలే అని సర్దుకోకూడదు. కొండ ఎక్కినందుకు తగ్గిందనే మాట కూడా చెల్లదు. తిరుమల ఎత్తు వెయ్యి మీటర్ల లోపే. అలిపిరి మెట్లు 3,550 ఎక్కి వచ్చిన మనిషి పది నిమిషాలు కూర్చున్నాక కూడా 92 దగ్గరే ఉంటే తప్పు కొండది కాదు. కొండమీదే ఉన్న అశ్విని ఆసుపత్రికి తీసుకుపోండి.

అంతా తిట్టడమేనా అంటే, కాదు. ఆయాసం, నిమోనియా ఉన్న మనిషిని గంట గంటకు చూసి, దిగజారుతున్నాడా లేదా తెలుసుకోడానికి ఇది మంచి మిషన్. మామూలుగా 98 ఉండే మనిషి 94 కంటే కిందికి వస్తే ఆ రోజే డాక్టరుకు చూపించాలి, 90 కంటే తగ్గితే ఆసుపత్రే. ఏళ్ళ తరబడి పొగతాగి ఊపిరితిత్తులు పాడైన వాళ్ళకు మాత్రం డాక్టర్లు 88 నుంచి 92 మధ్యే చాలంటారు. వాళ్ళకు ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్ తిప్పి 99 తెద్దామని చూస్తే, బొగ్గుపులుసు వాయువు పేరుకుని మత్తులోకి జారిపోతారు. అంకె మాత్రం అందంగా ఉంటుంది.

కొనేటప్పుడు నాడి కొట్టుకోవడాన్ని చూపే కెరటం గీత, వేలిలో ఆ నాడి ఎంత బలంగా ఉందో చెప్పే పీఐ అనే అంకె రెండూ చూపించే మోడల్ తీసుకోండి. కెరటం సమంగా లేకపోయినా, పీఐ 0.4 కంటే తక్కువున్నా ఆ శాతాన్ని నమ్మొద్దు. షాపులోనే మణికట్టు దగ్గర నాడి నిమిషం పాటు లెక్కపెట్టి, మిషన్ చూపించే పల్స్‌తో పోల్చండి. ఆరేడు కంటే ఎక్కువ తేడా వస్తే వద్దు. చిన్నపిల్లల వేళ్ళకు పెద్దల క్లిప్పు సరిపోదు. ఫోన్ కెమెరా మీద వేలు పెడితే ఆక్సిజన్ చెబుతామనే యాప్‌లను తీసేయండి.

పిల్లల విషయంలో మిషన్ కంటే గడియారం మేలు. చొక్కా ఎత్తి, బిడ్డ ఏడవని సమయంలో నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ళ లోపు 40, ఈ అంకెలకు చేరినా దాటినా వేగమే. డొక్క లోపలికి గుంజుకుంటుంటే లెక్కతో పని లేదు, బయలుదేరండి. పెద్దవాళ్ళలో 12 నుంచి 20 మామూలు, 30 దాటితే క్లిప్పులో ఏమున్నా అత్యవసరమే. లెక్కపెడుతున్నామని మనిషికి చెప్పకండి, చెబితే ఊపిరి మార్చేస్తారు. నాడి చూస్తున్నట్టు నటించండి.

బీపీ మిషన్: ఎర్రర్ కూడా ఒక జవాబే

పట్టీలో గాలి దిగుతున్నప్పుడు రక్తనాళం ఎట్లా అదురుతుందో చూసి ఈ మిషన్లు లెక్క కడతాయి. అదురు బలంగా ఉన్నప్పుడు బాగా చెబుతాయి. మనిషి షాక్‌లో ఉన్నప్పుడు, అంటే మనకు నిజంగా అవసరమైనప్పుడు, అదురే దొరకదు. గాలి ఎక్కిస్తుంది, దించుతుంది, మళ్ళీ ఎక్కిస్తుంది, ఎర్రర్ అంటుంది. ఇంట్లో వాళ్ళు బ్యాటరీలు మార్చి, రెండో చేతికి చుట్టి, పక్కింటి మిషన్ తెచ్చి చూసేలోపు పది నిమిషాలు పోతాయి. కదలకుండా పడుకున్న మనిషికి వరసగా రెండుసార్లు ఎర్రర్ వస్తే దాన్ని "బీపీ బాగా పడిపోయింది" అనే చదువుకుని 108కి ఫోన్ చేయండి. చేతులు చల్లగా, చెమటగా ఉంటే, గోరు మీద అయిదు సెకన్లు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి మూడు సెకన్లు దాటితే అనుమానమే అక్కర్లేదు. గుండె లయ తప్పి కొట్టుకునే వాళ్ళలో అంకె ప్రతిసారీ వేరుగా వస్తుంది, మూడుసార్లు చూసి సగటు తీసుకోవాలి.

మామూలు రోజు మీ పెద్దాయన బీపీ ఎంతో రాసిపెట్టుకోకపోతే అత్యవసరంలో ఈ మిషన్ విలువ సగమే. ఏళ్ళుగా 160 మీద బతికిన మనిషికి 110 వచ్చిందంటే మందు పనిచేసిందని సంబరపడేది కాదు, 50 పడిపోయిందని భయపడాల్సింది. కిడ్నీలోకి రక్తం ఎక్కాలంటే సగటు పీడనం 65 అయినా ఉండాలి. పై అంకెలోంచి కింది అంకె తీసేసి, దాంట్లో మూడో వంతును కింది అంకెకు కలిపితే సగటు వస్తుంది. 90/50 అంటే 63. చూడ్డానికి కొంచెం తక్కువే అనిపిస్తుంది గానీ, గంటల తరబడి అట్లాగే ఉంటే కిడ్నీలు మూతబడే అంకె అది.

మన దగ్గర ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈ మిషన్‌ను ఇంకో రకంగా వాడుకోవచ్చు. డెంగీలో ప్రమాదం జ్వరం ఉన్నప్పుడు కంటే జ్వరం దిగే ఒకటి రెండు రోజుల్లో ఎక్కువ. ప్లాస్మా రక్తనాళాల్లోంచి బయటికి కారిపోతుంటే పై అంకె అట్లాగే ఉండి కింది అంకె పైకి వస్తుంది. 100/84 చూసి "వంద ఉంది, పర్వాలేదు" అనేస్తారు. రెండింటి మధ్య తేడా 16. ఈ తేడా 20కి గానీ అంతకంటే కిందికి గానీ వచ్చిందంటే డెంగీ షాక్ మొదలైనట్టే. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మందకొడితనం ఉంటే ఆ తేడా కోసం కూడా ఎదురుచూడకూడదు. ప్లేట్‌లెట్ల రిపోర్టు పట్టుకుని ఊరంతా తిరిగే కన్నా ఈ తీసివేత ఎక్కువ పనికొస్తుంది. డెంగీ జ్వరంలో పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు ముట్టుకోవద్దు.

పై అంకె ఎక్కువైనప్పుడు జరిగే తప్పు వేరే రకం. 200/110 చూడగానే ఎవరిదో మాత్ర తెచ్చి నాలుక కింద పెడతారు. మూతి వంకరపోయిన మనిషికి ఆ పని చేస్తే, అడ్డం పడ్డ చోటును దాటి మెదడుకు అంతో ఇంతో చేరుతున్న రక్తం కూడా ఆగిపోతుంది. పక్షవాతంలో బీపీ తగ్గించాలా, ఎంత తగ్గించాలి అనేది సీటీ స్కాన్ చూసిన డాక్టరు పని. ఏ బాధా లేకుండా 180/100 వచ్చిన మనిషికైతే కంగారు అక్కర్లేదు. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ చూసి, మర్నాడు డాక్టరుకు చూపించొచ్చు. 180/120 దాటి, దాంతోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసక, తికమక ఉంటే ఆసుపత్రి.

ఛాతీ నొప్పి రాగానే రక్తనాళాలను వదులుచేసే సార్బిట్రేట్ మాత్ర నాలుక కింద పెట్టడం మన జిల్లాల్లో అలవాటు. ఇక్కడ బీపీ మిషన్ నిజంగా ప్రాణం కాపాడగలదు. పై అంకె 90 కంటే తక్కువుంటే ఆ మాత్ర వేయకూడదు, ఉన్న బీపీ కూడా కూలిపోతుంది. గత 24 గంటల్లో సిల్డెనాఫిల్, 48 గంటల్లో టడలాఫిల్ (రెండూ అంగస్తంభన మాత్రలే) వేసుకున్న మగవాళ్ళకూ వద్దు. సిగ్గుపడి దాచే విషయం ఇది, ఇంట్లో వాళ్ళను బయటికి పంపించి అడగండి. వేయాల్సి వస్తే కూర్చోబెట్టి వేయాలి, నిలబెట్టి కాదు.

పట్టీ సైజు మీద షాపుల్లో ఎవరూ మాట్లాడరు. మామూలుగా డబ్బాలో వచ్చేది 22 నుంచి 32 సెం.మీ. చుట్టుకొలత చేతికి. భుజానికీ మోచేతికీ మధ్యలో చేతి చుట్టూ టేపు చుట్టి కొలవండి. చెయ్యి లావుగా ఉండి పట్టీ చిన్నదైతే బీపీ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, పట్టీ పెద్దదైతే తక్కువ చూపిస్తుంది. మణికట్టు మిషన్లు కొనొద్దు. చెయ్యి గుండెకు 10 సెం.మీ. కిందికి జారితే అంకె ఏడెనిమిది పెరుగుతుంది, అదే పైకి పోతే అంత తగ్గుతుంది. బాధలో ఉన్న మనిషి చెయ్యి ఎక్కడ పెడతాడో ఎవరు కాచుకుంటారు?

గ్లూకోమీటర్: ముందు చేతులు కడగండి

మాట తడబడుతోంది, చెయ్యి పనిచేయడం లేదు, తిక్కతిక్కగా మాట్లాడుతున్నాడు, చెమటలు పోస్తున్నాయి, ఫిట్స్ వచ్చాయి. వీటన్నిటికీ షుగర్ పడిపోవడం కారణం కావచ్చు. పక్షవాతంలాగే కనబడినా, ఇంట్లో ఇచ్చే చక్కెరతోనే పది నిమిషాల్లో మనిషి లేచి కూర్చునే అవకాశం ఉన్నది ఈ కారణంలోనే. అందుకే వరసలో దీనికి మొదటి స్థానం.

70 కంటే తగ్గితే తక్కువే. మనిషి తెలివిలో ఉండి గుటక వేయగలిగితే 15 గ్రాముల చక్కెర, అంటే మూడు టీస్పూన్లు, నీళ్ళలో కలిపి ఇచ్చి 15 నిమిషాలకు మళ్ళీ చూడాలి. అప్పటికీ పెరగకపోతే ఇంకోసారి. వోగ్లిబోస్ లేదా అకార్బోస్ కలిసిన మాత్ర వేసుకునే వాళ్ళకు చక్కెర పనిచేయదు, దాన్ని పేగుల్లో విడగొట్టే పనినే ఆ మందు ఆపుతుంది. వాళ్ళకు గ్లూకోజ్ పొడే ఇవ్వాలి. మాత్రల అట్ట వెనక పేరు ఇప్పుడే చదివిపెట్టుకోండి. ప్రసాదం లడ్డూ ఉంది కదా అని నోట్లో పెట్టకండి. నెయ్యి వల్ల అది నెమ్మదిగా అరుగుతుంది, మనకు కావాల్సింది ఈ పది నిమిషాలు. తెలివి తప్పిన మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి 108. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వాడేవాళ్ళకు, ముఖ్యంగా కిడ్నీ బాగాలేని పెద్దవాళ్ళకు, చక్కెరతో లేచి కూర్చున్నా కొన్ని గంటలకు మళ్ళీ పడిపోతుంది. "బాగైపోయాడు" అని ఇంట్లో పెట్టుకోకుండా ఆసుపత్రిలో ఒక రోజు ఉంచాలి.

తప్పు అంకెల్లో ఎక్కువ భాగం వేళ్ళ మీదే ఉంటుంది. మామిడిపండు తిన్న చెయ్యి, లడ్డూ పట్టుకున్న చెయ్యి, టీ గ్లాసు అంటుకున్న చెయ్యి. 60 ఉన్న మనిషికి 190 చూపిస్తుంది, చక్కెర ఇవ్వకుండా వదిలేస్తారు. సబ్బుతో కడిగి, బాగా తుడిచి, వేలి పక్క నుంచి గుచ్చాలి. కడగడానికి వీలుకాకపోతే మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క పెట్టండి. స్పిరిట్ రాస్తే ఆరేదాకా ఆగండి. వేలిని పిండకండి, ఒంట్లో నీరు కూడా కలిసి పల్చబడుతుంది. రక్తం బాగా తక్కువున్న వాళ్ళలో చాలా మిషన్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. షాక్‌లో చల్లబడ్డ వేలి నుంచి తీసిన రక్తాన్ని అసలు నమ్మకూడదు. తెరపై హై అని వస్తే మిషన్ కొలవగలిగే హద్దు దాటిందని, చాలా మోడళ్ళలో అది 600. దాంతోపాటు వాంతులు, వేగంగా ఊపిరి ఉంటే ఇన్సులిన్ డోసుతో ఇంట్లో సర్దుకునే పని కాదు.

అసలు ఖర్చు మిషన్‌ది కాదు, స్ట్రిప్పులది. మిషన్ చవగ్గా ఇచ్చేస్తారు, స్ట్రిప్పు దొరకని కంపెనీది కొంటే మూడు నెలలకు అది ఆటబొమ్మ. మీ వీధి షాపులో ఎప్పుడూ ఉండే స్ట్రిప్పు ఏదో అడిగి, దాని మిషన్ కొనండి. చాలా రకాల స్ట్రిప్పులు 30 డిగ్రీల లోపు ఉంచాలి. మన ఎండాకాలంలో కారులో, కిటికీ పక్కన పెడితే పాడవుతాయి. ఫ్రిజ్‌లో వద్దు, తేమ పడుతుంది. డబ్బా తెరిచిన తేదీ పెన్నుతో రాసి, పెట్టె మీద ఎన్ని నెలలని ఉందో చూసుకుని పారేయండి.

ఈ మూడింటికీ కనబడనివి

గుండెపోటు ఈ మూడింట్లో దేనికీ తెలియదు. 98, 130/80, 110 మూడూ చక్కగా ఉన్న మనిషికి గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోయి ఉండొచ్చు. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చెమట ఉంటే ఈసీజీ కావాలి, ఆసుపత్రికి చేరిన పది నిమిషాల్లో అది తీయాలన్నది వైద్యుల నియమం. షుగర్ ఉన్నవాళ్ళలో, ఆడవాళ్ళలో నొప్పే లేకుండా ఆయాసం, వాంతి, నీరసంగానే రావచ్చు. ఆస్పిరిన్ పడదనే వాళ్ళు, రక్తస్రావం ఉన్నవాళ్ళు కాకపోతే 300 మి.గ్రా. నమిలి మింగించొచ్చు. ఛాతీ చీలుతున్నట్టు వీపులోకి పోటు వచ్చి, రెండు చేతుల బీపీకి 20 తేడా ఉంటే మాత్రం ఆస్పిరిన్ కూడా వద్దు, పెద్ద రక్తనాళం చీలి ఉండొచ్చు. పక్షవాతంలోనూ స్కాన్ కాకుండా వద్దు. మెదడులో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలు, అది లెక్కించేది మనిషి ఆఖరున మామూలుగా కనబడ్డ సమయం నుంచి. నిద్రలేచేసరికి చెయ్యి పడిపోయి ఉంటే, రాత్రి ఎన్నింటికి బాగా మాట్లాడాడో అదే సమయం.

కిడ్నీకైతే మిషనే లేదు, గీతలున్న లీటరు సీసా చాలు. 60 కిలోల మనిషికి గంటకు 30 మి.లీ. మూత్రం రావాలి. ఆరు గంటల్లో 180 కూడా రాకపోతే కిడ్నీ దెబ్బతింటోందని అనుకోవాలి. రక్తపింజర కరిచిన తర్వాత మూత్రం తగ్గడం, నల్ల టీ రంగులోకి మారడం చూసే పని ఇంట్లో వాళ్ళదే. వాంతులు విరేచనాలతోనో ఎండలో పనిచేసో ఒళ్ళు ఎండిపోయిన మనిషి, బీపీ మాత్ర వేసుకుంటూనే ఒంటినొప్పులకు డైక్లోఫెనాక్ వేసుకుంటే కిడ్నీ రెండు వైపుల నుంచీ దెబ్బతింటుంది. మన దగ్గర ఎండాకాలంలో ఇది చాలా మామూలు.

మనిషి కుప్పకూలి పిలిస్తే పలకకుండా, ఊపిరి ఆడకుండా, లేదా నోరు తెరిచి ఎప్పుడో ఒకసారి ఎగశ్వాస తీస్తూ ఉంటే మూడు మిషన్లూ పక్కన పడేయండి. క్లిప్పులో గీతలు వస్తాయి, అది ఆగిన గుండె. ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదానిమీద ఒకటి పెట్టి, 5 నుంచి 6 సెం.మీ. లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. ఫోన్ స్పీకర్‌లో పెట్టి 108కి చెప్పండి.

ధర, బిల్లు, ఫోన్

2021 జూలైలో ఔషధ ధరల నియంత్రణ సంస్థ ఎన్‌పీపీఏ ఈ మూడింటితోపాటు నెబ్యులైజర్, డిజిటల్ థర్మామీటర్ మీద కూడా అమ్మకపు లాభానికి కొంతకాలం పాటు 70 శాతం పరిమితి పెట్టింది. పెట్టె మీద ఎమ్మార్పీకీ అడిగి తెచ్చుకునే ధరకూ చాలా తేడా ఉంటుంది, కాబట్టి రెండు మూడు షాపులు అడగండి. పెట్టె మీద తయారీ లేదా దిగుమతి లైసెన్సు నంబరు, తయారీదారు చిరునామా లేనిది ఎంత చవకైనా వద్దు. బిల్లు లేకపోతే వారంటీ లేదు. మూడూ కలిపిన కాంబో పెట్టెల్లో ఏదో ఒకటి నాసిగా ఉంటోంది, ఎక్కువగా మణికట్టు బీపీ మిషన్. విడివిడిగా కొనడమే మంచిది. బీపీ మిషన్‌ను ఏడాదికోసారి డాక్టరు దగ్గరకు తీసుకుపోయి, అక్కడి మిషన్‌తో పోల్చి చూసుకోండి. వాడనప్పుడు ఆక్సీమీటర్‌లోంచి బ్యాటరీలు తీసేయాలి, లేకపోతే కారి తుప్పు పడుతుంది.

పెట్టె మూత లోపల ఒక కాగితం అంటించండి. మామూలు బీపీ, మామూలు ఆక్సిజన్ శాతం, బరువు, వాడే మందులు, ముఖ్యంగా రక్తం పల్చబరిచే మందు ఉందా, ఏ మందు పడదు. 108కి ఫోన్ చేసినప్పుడు "సీరియస్‌గా ఉంది, త్వరగా రండి" అంటే అవతలి వాళ్ళకు ఏమీ అర్థం కాదు. "65 ఏళ్ళ మగమనిషి, అరగంట నుంచి మాట తడబడుతోంది, కుడి చెయ్యి లేవడం లేదు, షుగర్ 124, ఊపిరి నిమిషానికి 18" అని చెబితే సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలని వాళ్ళకు తెలుస్తుంది. ఊరి పేరుతోపాటు గుడి, బడి, నీళ్ళ ట్యాంకు ఏదో ఒక గుర్తు చెప్పండి.

ప్రైవేటు అంబులెన్స్ మాట్లాడుకుంటే సిలిండర్ ఎంత నిండుగా ఉందో ఎక్కకముందే అడగండి. బీ టైపు సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1,500 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు పెడితే రెండున్నర గంటలు, 15 పెడితే గంటా నలభై నిమిషాలు. సగమే ఉంటే అందులో సగం. మదనపల్లె వైపు నుంచి భాకరాపేట ఘాట్ దిగి తిరుపతికి వచ్చే వాళ్ళు దారి ఎన్ని గంటలో ముందు లెక్కేసుకుని, మలుపుల్లో, ట్రాఫిక్‌లో పోయే సమయానికి ఇంకో అరగంట కలుపుకుని, రెండో సిలిండర్ కావాలో వద్దో డ్రైవర్‌తో వాకిట్లోనే తేల్చుకోవాలి.